కుంచె కింద గంజి ఎందుకు పలచబడుతుంది?

చీరాల, మంగళగిరి నేతకు పేరుపడిన ఊళ్ళు. మగ్గం మీద పొడుగునా సాగే దారాలను పడుగు అనీ, అడ్డంగా నేసే వాటిని పేక అనీ అంటారు. నేస్తున్నంత సేపూ పడుగు పోగులు మగ్గపు అచ్చుకు రాసుకుంటూనే ఉంటాయి. ఆ రాపిడికి ఒట్టి నూలు నూగు లేచి తెగిపోతుంది. తెగిన ప్రతి పోగునూ అతకాలి. అంతసేపూ నేత ఆగిపోతుంది, నేతగాడి కూలికీ గండి పడుతుంది. అందుకే సంప్రదాయ పద్ధతిలో పడుగును బారుగా సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు.

గంజి మరీ చిక్కగా ఉంటే పోగులోకి దిగదు. మరీ పలచగా ఉంటే కారిపోతుంది. దువ్వేటప్పుడు పలచగానూ, దువ్వాక చిక్కగానూ ఉండాలి! అదెలా సాధ్యం?

ద్రవం తన పారుదలను తానే అడ్డుకునే గుణాన్ని స్నిగ్ధత అంటారు. నీటికి అది తక్కువ, తేనెకు ఎక్కువ. వేడి చేస్తే స్నిగ్ధత తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటికి ఉన్న స్నిగ్ధత, 90 డిగ్రీల వద్ద సుమారు మూడో వంతుకు పడిపోతుంది. అయితే నీటిని మెల్లగా కలిపినా, జోరుగా కలిపినా దాని స్నిగ్ధత మారదు. గంజి సంగతి వేరు.

గంజిలో ఉండేది పిండిపదార్థం. వందలు, వేల గ్లూకోజు భాగాలు దండలా కలిస్తే దాని అణువు ఒకటి ఏర్పడుతుంది. ఇలాంటి వాటిని పాలిమర్లు అంటారు. ఇంత పొడవైన అణువులు ఉంటాయని 1920లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మాన్ స్టౌడింగర్ చెబితే చాలామంది నమ్మలేదు. 1953లో ఆయనకే నోబెల్ బహుమతి వచ్చింది!

బియ్యప్పిండిని చన్నీళ్ళలో కలిపితే అడుక్కు దిగుతుంది. 70 డిగ్రీల ప్రాంతంలో పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి. వాటిలోంచి దండలు బయటికి వచ్చి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. అదే గంజి. వేడిగా ఉన్నంతసేపూ ఆ దండలు చురుకుగా కదులుతూ జారుకుంటాయి. కాబట్టి గంజి సులువుగా పారుతుంది. చల్లారితే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, గంజి పేరుకుంటుంది.

ఇక కుంచె పని చూడండి. చిక్కుపడిన నూలును దువ్వితే పోగులు ఒకే వైపుకు సర్దుకుంటాయి కదా! కుంచె వేగంగా లాగినప్పుడు గంజిలోని దండలూ అలాగే బారులు తీరుతాయి. చిక్కు సడలి, గంజి పలచబడి పోగులోకి దిగుతుంది. కుంచె దాటిపోగానే దండలు మళ్ళీ పెనవేసుకుంటాయి. గంజి చిక్కబడి, కారిపోకుండా నిలుస్తుంది.

ఇంకో విశేషం. మన గుంటూరు చేలలో పండే పత్తి కూడా పాలిమరే. దానిలోని సెల్యులోజు సైతం గ్లూకోజు దండే. పోగుకూ గంజికీ దగ్గరి చుట్టరికమన్నమాట!

చల్లారి చిక్కబడిన గంజిని గ్లాసులో పోసి, చెంచాతో మొదట మెల్లగా, తరువాత వేగంగా తిప్పి చూడండి. పారుదల ఎలా మారిందో, తిప్పడం ఆపాక ఏమైందో మీ నోటుపుస్తకంలో రాసుకోండి.