ఫుట్‌పాత్ ఎవరిది?

హైదరాబాదులో చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దాపున టిఫిన్ బండి పెట్టుకొని పొట్టపోసుకొను ఒక ఆమె బండి ఫోటో ఒకనాటి ఉదయము మా వీధివారి వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమైనది. దాని క్రింద రెండే మాటలు: ‘ఫుట్‌పాత్ ఎవరిది?’ మధ్యాహ్నమగునప్పటికి ఆ ప్రశ్న కార్పొరేటరు మీదుగా ఎమ్మెల్యే వరకు ప్రాకి, సాయంకాలమునకు నిన్నటి ముఖ్యమంత్రిని నేటి ముఖ్యమంత్రిని చుట్టివచ్చి, రాత్రి పదింటికి ఎవరో పంపిన శుభరాత్రి బొమ్మతో చల్లారినది. మరునాడు ఇడ్లీ తినవచ్చిన విద్యార్థి యొకడు ఆ ఫోటోను ఆమెకే చూపగా, ఆమె చేతిలోని గరిటె ఆపకుండనే, “గది మొన్నటి ఫోటో బిడ్డా, బండి అటు జరిపిన గద” అన్నది. అంతటి వాదములో ఆమెను ఒక్క మాట అడిగినవాడు లేడు. అడుగుటకు ఆమె ఆ గ్రూపులో లేదు.

ఈ ప్రాంతపు వీధి తగాదాలన్నియు చివరకు ఒక్క ప్రశ్న చుట్టు తిరుగును: స్థానికుడెవడు? 2017లో ప్రభుత్వము ఇందిరాపార్కు చెంతనున్న ధర్నా చౌకును నగరము వెలుపలికి తరలింప సంకల్పించినప్పుడు, మైకుల రొదయు రాకపోకల అడ్డంకియు ఇక భరింపలేమని ఉదయపు నడకకు వచ్చువారును చుట్టుప్రక్కల కాలనీలవారును కొందరు అనగా, నిరసనకు జానెడు చోటు లేని రాజధాని యేమి రాజధాని యని ప్రతిపక్షములు, ప్రజాసంఘములు ప్రశ్నించెను. ఆ ఏడు మే 15న ఉభయపక్షములు అక్కడనే ఎదురుపడి కలియబడుట జరిగినది. స్థానికుల వైపున మామూలు దుస్తులలో ప్లకార్డు పట్టుకొన్న ఒక పోలీసు అధికారిణి ఫోటో ఆనాడే ఫోనునుండి ఫోనునకు పరుగెత్తి, ‘స్థానికులు’ అను మాటకే సంజాయిషీ అడిగినది. ఫోనులోని ఫోటో నిజముగా పనికివచ్చిన సందర్భములలో దానిని నేను మొదట లెక్కింతును. 2018 నవంబరులో హైకోర్టు అక్కడ శాంతియుత ధర్నాలకు తాత్కాలికముగా అనుమతి నిమ్మని ఆదేశించినది.

ఆ ఇందిరాపార్కు ఎదుటనుండియే నేడు వి.ఎస్.టి. సిగరెట్ల ఫ్యాక్టరీ దాకా నాలుగు వరుసల ఉక్కు వంతెన పోవుచున్నది. ఇంచుమించు 450 కోట్ల రూపాయలతో కట్టి 2023 ఆగస్టు 19న తెరచిన ఆ వంతెనకు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టిరి. ఆయన వి.ఎస్.టి. కార్మికులకు నాయకుడై వీధి పోరాటములలో పండినవాడు. ధర్నా చౌకుపై వేటు పడిననాటి హోంమంత్రియు ఆయనయే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్ తప్పినదని ఒకరు, తమ వాకిట వెలుతురు పోయినదని మరొకరు వంతెనను గూర్చి ఫోన్లలో ఎంతయో వాదించుకొనిరి గాని, ఈ వైచిత్రిని ఎవరైన ఎత్తిచూపగా నా కంట బడలేదు. ఫోనులోని వాదమునకు నిన్నటి జ్ఞాపకము తక్కువ.

అశోక్‌నగర్ కథ వేరు. అచ్చట గదులు అద్దెకు తీసుకొని ప్రభుత్వోద్యోగముల గ్రూప్స్ పరీక్షలకు చదువుకొను వేలాది యువకులు పాలమూరునుండియు ఆదిలాబాదునుండియు వచ్చినవారు; వారి ఓట్లు చాలవరకు స్వగ్రామములలోనే యుండును. 2023 అక్టోబరులో తోటి విద్యార్థిని యొకతె ప్రాణము తీసుకొన్న రాత్రి వారు రోడ్డుపై బైఠాయించిరి; మరుసటి అక్టోబరులో, మెయిన్స్‌కు అభ్యర్థులను ఎంచు పద్ధతిని మార్చిన జీవో 29 రద్దు కావలెనని, గ్రూప్-1 మెయిన్స్ వాయిదా పడవలెనని మరల రోడ్డెక్కిరి. కబురు టెలిగ్రామ్ గ్రూపులలో నిమిషములపై ప్రాకెడిది. అదే వీధిలోని ఇంటి యజమానుల వాట్సాప్ గ్రూపులో అదే గంటలో నడచునది హాస్టళ్ల చెత్తను, అడ్డదిడ్డపు బైకులను గూర్చిన చర్చ. ఒకే రోడ్డుమీద రెండు వాదములు ప్రక్కప్రక్కనే సాగుచు ఒకదానినొకటి ఎరుగవు! పూర్వము ఇరానీ హోటలు బల్లకడ చాయ్ చల్లారులోగా ఇష్టమున్నను లేకున్నను ఎదుటివాని మాట చెవిని పడెడిది.

ఇక ఆ బండి సంగతి. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టము, సర్వే ముగిసి ధ్రువపత్రము లిచ్చువరకు ఉన్న వ్యాపారిని కదల్పరాదన్నది. జనాభాలో నూటికి రెండున్నర మందివరకు వ్యాపారులకు చోటు చూపుమన్నది. పట్టణ వ్యాపార కమిటీలో నూటికి నలువదికి తగ్గకుండ వ్యాపారులనే, వారిలో మూడవ వంతు స్త్రీలనే కూర్చుండబెట్టుమన్నది. నడచిపోవువారి హక్కు కూడ చిన్నది కాదు. మోకాళ్ల నొప్పితో నారాయణగూడ చౌరస్తా దాటు ముసలివారిని అడిగిన తెలియును. ఈ రెండు హక్కులకు ఎక్కడ గీత గీయవలెనో తేల్చుటకు ఆ కమిటీ కలదు. జనాభా మూడు లక్షలు, అంతకు మించిన నగరములలో వార్డు కమిటీలుండవలెనని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే చెప్పియున్నది. మా గ్రూపులో ఆనాడు ఎగిరిపడిన సందేశములలో ఈ రెండు కమిటీలలో దేని పేరును రాలేదు. రాజకీయము మాత్రము దండిగా వచ్చినది.

వార్డునకు ఎవరు కార్పొరేటరు కావలెనో చెప్పుడని హైదరాబాదు మహానగరమును 2020 డిసెంబరు 1న అడిగిరి. ఆనాడు సెలవు కూడ ఇచ్చిరి. పోలింగు కేంద్రమునకు వచ్చినవారు నూటికి 46.55.