జితీష్ కల్లాట్ : మాటలను మరల చదివించు చిత్రకారుడు

చిత్రప్రదర్శనమునకు పోయినవారు గోడలమీది చిత్రములను చూతురే గాని, వేనిని ఎన్నుకొని దేని ప్రక్కన దేనిని నిలుపవలెనో నిర్ణయించినవారెవ్వరని సాధారణముగా నడుగరు. ఆ పని చేయువారిని క్యూరేటరులందురు. ఒకప్పుడు మ్యూజియములోని వస్తువులను కాపాడు ఉద్యోగికే చెల్లిన యీ పేరు, నేడు ప్రదర్శనమునంతను భావించి కూర్చువానికిని చెల్లుచున్నది. స్వయముగా చిత్రకారులై యీ పనియు చేసినవారిలో జితీష్ కల్లాట్‌గారిని గూర్చి మేమిచట తెలుపదలచితిమి.

వీరు 1974లో ముంబాయిలో జన్మించిరి. ఆ నగరమందలి సర్ జె.జె. కళాశాలలో చిత్రలేఖనమభ్యసించి 1996లో పట్టము పొందిరి. వీరు పెక్కు విధములైన పనులు చేసిరి గాని, మమ్ము మిక్కిలి యాకర్షించినవి పాత ప్రసంగములతోను, జాబులతోను చేసినవి. అక్షరమునకును ఒక రూపము కలదని, దినమునకు రెండు మూడు లిపులు వ్రాయు మన పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు.

1947 ఆగస్టు 14వ తేది అర్ధరాత్రి నెహ్రూగారు చేసిన ప్రసంగమును పెద్దలెరుగుదురు. 2002 నాటి గుజరాత్ అల్లర్ల తరువాత, 2003లో, కల్లాట్‌గారు ఆ ప్రసంగమును అయిదు అక్రిలిక్ అద్దములమీద జిగురుతో వ్రాసి నిప్పంటించిరి. అక్షరములు కాలి నల్లగా నిలిచినవి. వేడిమికి అద్దములు వంగినవి. చదువబోయినవానికి ఆ కాలిన మాటల నడుమ తన ముఖమే వంకరగా కనబడును.

2007లోని పని యింతకంటె పెద్దది. దండియాత్రకు ముందునాడు, అనగా 1930 మార్చి 11న, గాంధీగారు సబర్మతిలో చేసిన ప్రసంగమునందలి ప్రతి యక్షరమును ఎముక ఆకారమున ఫైబరుగ్లాసుతో చేయించి అరలలో పేర్చిరి. మొత్తము 4,479 ముక్కలు. అహింసను బోధించిన మాటలు ఎముకలగుట కొందరికి వెగటుగా తోచవచ్చును. మాకట్లు తోచలేదు. పురాతత్త్వజ్ఞులు త్రవ్వి తీసిన శల్యములను వరుసగా నుంచి ప్రాణిని గుర్తించునట్లు, మరచిన మాటను మరల పోల్చుకొను ప్రయత్నమే యిందు మాకు కనబడినది.

1893 సెప్టెంబరు 11న వివేకానందస్వామి చికాగోలో ప్రసంగించిన భవనమున నేడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూటు కలదు. 2001లో అదే తేదీన అమెరికాపై ఉగ్రవాదుల దాడి జరిగెను. 2010లో మరల అదే తేదీన, ఆ భవనపు 118 మెట్ల నిలువు ముఖములమీద స్వామి మాటలను దీపాక్షరములుగా వెలిగించిరి. రంగులు అయిదు. దాడిభయము హెచ్చుతగ్గులను తెలుపుటకు అమెరికా ప్రభుత్వము అప్పట్లో వాడుచుండిన రంగులే అవి. సహనమును గూర్చిన ప్రసంగము భయపు రంగులలో! పూర్తిగా చదువవలెనన్న మెట్లెక్కక తప్పదు.

వీనిలో మాటలేవియు కల్లాట్‌గారివి కావు. ఎన్నిక వారిది, చోటు, తేదీ, రంగు వారివి. క్యూరేటరు చేయునదియు ఇదియే గదా!

కేరళమున బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అను ఇరువురు చిత్రకారులు ప్రారంభించిన కొచ్చి-ముజిరిస్ బినాలే మొదటిసారి 2012లో జరిగెను. రెండవదానికి కల్లాట్‌గారు క్యూరేటరు. 2014 డిసెంబరు 12 మొదలు 2015 మార్చి 29 వరకు 30 దేశముల వారు 94 మంది పాల్గొనిరి. ఇంతమందిని ఒక్క భావమునకు కూర్చుటెట్లు? వారు ఆ చోటినే ఆధారముగా గొనిరి. 1498లో వాస్కో డ గామా ఓడలు చేరినది ఆ తీరమునకే. 14వ శతాబ్దము మొదలు సంగమగ్రామ మాధవుడును, ఆయన శిష్యపరంపరయు అనంతశ్రేణులను సాధించి, గ్రహగతులను లెక్కించినదియు ఆ నేలమీదనే. ఒకరు సముద్రమును దాటిరి, ఒకరు ఆకాశమును కొలిచిరి. చిత్రలేఖనపు గంటకు లెక్కలతో నేమి పనియని యడుగు విద్యార్థులు దీనిని గమనింతురు గాక. పాత వర్తకశాలయైన ఆస్పిన్‌వాల్ హౌస్‌లో, సముద్రపుటొడ్డుననే, అనీష్ కపూర్‌గారు నేలలో ఎడతెగక సుడి తిరుగు నీటి నుంచిరి.

2019లో ఇటలీలోని వెనిస్ బినాలేలో, భారతదేశపు ప్రదర్శనశాలయందు, కల్లాట్‌గారు 2012లో చేసిన మరియొక పనిని ఉంచిరి. అది 1939 జూలై 23న గాంధీగారు యుద్ధము వలదని హిట్లరునకు వ్రాసిన జాబు. జాబు హిట్లరునకు చేరలేదు. సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. చీకటి గదిలో పైనుండి తెరవలె దిగు పొగమంచుమీద ఆ జాబు వెలుగుగా పడును. చూడవచ్చినవారు దానిలోనుండియే నడచిపోవలెను. అడుగిడగానే అక్షరములు చెదరును. మనిషి దాటిన పిమ్మట మరల కూడుకొనును.