ఎండల ఊళ్లో ఆర్కిడ్‌కు లైటెందుకు?

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో ఎండకు కరువుందని ఎవరూ అనరు. వేసవి మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు లక్ష లక్సుల దాకా ఉంటుంది. చేవెళ్ల నుంచి వికారాబాద్ వైపు పాలీహౌసుల్లో పూలు వేసే రైతులు షేడ్‌నెట్‌కు డబ్బు పెడతారు గానీ దీపాలకు కాదు. అలాంటి చోట ఇంట్లో కుండీలో ఉన్న ఆర్కిడ్‌కు కరెంటు దీపం కొనాలంటే నవ్వొచ్చే మాటే. కానీ ఎండ ఊళ్లో ఉండడం వేరు, ఇంట్లోకి రావడం వేరు. ఎండ లోపలికి రాకుండా చూసుకోవడమే ఈ ప్రాంతంలో ఇల్లు కట్టే పద్ధతి. మందపాటి రాతి గోడ, చిన్న కిటికీ, ముందు వసారా, కింద చల్లగా నాపరాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో అయితే పక్క భవనం గోడే కిటికీకి అడ్డం. అలాంటి గదిలో కిటికీకి మీటరు దూరం జరిగితే వెలుతురు తరచూ వెయ్యి, రెండు వేల లక్సులకు పడిపోతుంది. రాత్రి ట్యూబులైటు కింద రెండు మూడు వందలే. ఈ తేడా మన కంటికి తెలియదు, ఎందుకంటే కనుపాప తనంతట తాను సర్దుకుంటుంది. ఆకుకు ఆ సౌకర్యం లేదు.

నర్సరీల్లో ఎక్కువగా అమ్మే ఆర్కిడ్ ఫలనాప్సిస్. సీతాకోకచిలుకల్లాంటి వెడల్పు పూలది. ఆగ్నేయాసియా అడవుల్లో పెద్ద చెట్ల నీడలో పెరిగే జాతుల సంతతి. ఇది తక్కువ వెలుతురుతో సరిపెట్టుకునే ఆర్కిడ్ అని పేరు. ఆ తక్కువ అన్నది కూడా పది నుంచి పదిహేను వేల లక్సులు. నేరుగా ఎండ తగిలితే ఆకు మాడుతుంది, గది మూలన పెడితే ఆకులు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతూ ఏళ్ల తరబడి పూయకుండా ఉంటుంది. ఆ నిగనిగ చూసి మొక్క బాగుందనుకుంటాం. అది ఆకలి గుర్తు. తగినంత వెలుతురు అందిన ఆకు కాస్త లేత రంగులో ఉంటుంది, ఎక్కువైతే అంచుల్లో ఎర్రజీర వస్తుంది.

కాబట్టి ఉత్తరం వైపు గదికో, ముసురు పట్టిన జులై, ఆగస్టు నెలలకో దీపం అవసరమే. ఏ దీపం అన్నదే అసలు ప్రశ్న. మార్కెట్లో మొదట కంటపడేది గులాబీ, ఊదా రంగు వెలుగు చిమ్మే గ్రో లైటు. దాని వెనక ఒక వాదన ఉంది: పత్రహరితం ఎరుపును, నీలాన్ని ఎక్కువగా పీలుస్తుంది, ఆకుపచ్చను వదిలేస్తుంది, కనుక ఆ రెండు రంగులు ఇస్తే చాలు. సగం నిజమే. గాజు గొట్టంలో కరిగించిన పత్రహరితానికి ఆ లెక్క వర్తిస్తుంది, బతికున్న ఆకుకు కాదు. 1970ల తొలినాళ్లలో కీత్ మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త టెక్సాస్‌లో 22 పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగు కాంతి వేసి కిరణజన్య సంయోగక్రియను కొలిచాడు. ఎరుపు ముందున్నా, ఆకుపచ్చ కూడా బాగానే పనికొచ్చింది. పైపొరలో పట్టుబడని ఆకుపచ్చ కాంతి ఆకు లోపలి పొరల దాకా దిగి అక్కడ ఖర్చవుతుంది. అంటే మామూలు తెల్ల ఎల్‌ఈడీలో ఉన్న రంగులన్నీ మొక్కకు పనికొచ్చేవే. ఇంకో చిక్కూ ఉంది. ఊదా వెలుగులో ఆకు నల్లగా కనిపిస్తుంది. మచ్చ పడిందా, పిండినల్లి పట్టిందా, పసుపు తిరిగిందా ఏదీ తెలియదు. రోజూ చూసుకోవాల్సిన మొక్కను చూడనివ్వని దీపం ఎందుకు?

గ్రో లైట్లలో వాడే ముదురు ఎరుపు ఎల్‌ఈడీ ఒక్కో వాటుకు ఎక్కువ కాంతికణాలు ఇస్తుంది కదా అని వెంటనే అడగవచ్చు. అది నిజం. మంచి వ్యవసాయ దీపం వాటుకు సెకనుకు రెండున్నర, మూడు మైక్రోమోళ్ల కాంతికణాలు ఇస్తే మామూలు ఎల్‌ఈడీ ట్యూబు ఒకటిన్నరకు అటూ ఇటూగా ఇస్తుంది. ఎకరం విస్తీర్ణంలో పెంచేవాడికి ఆ తేడా లక్షల్లో ఉంటుంది. ఇంట్లో ఒక్క అరకు ఎంతో లెక్క కట్టి చూద్దాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న అర మీద 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, ఆకులకు అడుగు ఎత్తున బిగించామనుకోండి. ఒక్కోటి ఇచ్చే మొత్తం వెలుగు 2000 ల్యూమెన్లు. అందులో ముప్పై శాతం అటూ ఇటూ పోయినా ఆకుల మీద ఐదు వేల లక్సులు పడతాయి. పది వేలు కావాలన్నారు కదా, ఇది సగమే కదా అంటారు. కిటికీలో పన్నెండు వేల లక్సులు రోజంతా ఉండవు, నాలుగైదు గంటలే. దీపం పన్నెండు గంటలూ ఒకే తీరున వెలుగుతుంది. వాన ఎంత జోరుగా కురిసిందన్నది చెరువుకు పట్టదు, మొత్తం ఎన్ని నీళ్లు చేరాయన్నదే లెక్క. ఆకు లెక్కా అంతే. ఐదు వేల చొప్పున పన్నెండు గంటలకు, పన్నెండు వేల చొప్పున ఐదు గంటలకు మొత్తం ఒకటే. ఇంకాస్త కావాలంటే మూడో ట్యూబు బిగించవచ్చు. రెండు ట్యూబులకు నెలకు పద్నాలుగు, పదిహేను యూనిట్ల కరెంటు. ఖరీదైన గ్రో లైటు దాన్ని సగం చేస్తుందనుకున్నా మిగిలేది ఏడు యూనిట్లు. దాని ధర తేడా రాబట్టుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరి బిల్లుతో వాళ్లే కట్టుకోవచ్చు.

పన్నెండు గంటలు మంచిదైతే ఇరవై నాలుగు గంటలు ఇంకా మంచిది కాదా? కాదు. ఫలనాప్సిస్ పగలు తన ఆకు రంధ్రాలను చాలావరకు మూసుకుని, రాత్రి చీకట్లో తెరిచి బొగ్గుపులుసు వాయువును పోగుచేసుకుంటుంది. నీళ్లు దొరకని కొమ్మల మీద బతకడానికి అలవరచుకున్న పద్ధతి. చీకటి లేకపోతే పగటి పనికి సరుకే ఉండదు. అందుకే చిన్న టైమరు పెట్టడం, దీపం వాట్లు పెంచడం కన్నా తెలివైన ఖర్చు. పూత సంగతి మళ్లీ వేరు. తాండూరు కంది ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. కంది సంప్రదాయ రకాలు పగటి పొద్దు తగ్గడం చూసి పూతకు వస్తాయి. ఫలనాప్సిస్ మాత్రం ముఖ్యంగా చూసేది చల్లదనాన్ని. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటి ఉంటే పూకాడ వేయదు. ఎంత గొప్ప దీపం కిందనున్నా మే నెలలో పూయనందుకు దీపాన్ని తప్పుపట్టలేం. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వైపు గాలి చల్లబడే నవంబరు, డిసెంబరు రాత్రుల్లో కిటికీ కాస్త తెరిచి ఉంచితే ఆ చల్లదనం అందుతుంది. అయితే వణికించే చలి గాలి నేరుగా మొక్క మీద కొట్టకూడదు.

తాండూరు వాళ్లకు మరో మాట. నాపరాయి కోత, పాలిష్ పనుల తెల్లటి దుమ్ము ఇంట్లోకి రాకుండా ఉండదు. అది ట్యూబు మీదా, ఆకుల మీదా సన్నని పొరగా పేరుకుంటుంది. వెలుతురును రెండుసార్లు తగ్గిస్తుందన్నమాట. తడి మెత్తటి గుడ్డతో ఆకును అడుగున అరచేయి ఆనించి తుడవండి, ట్యూబును ఆపి పొడి గుడ్డతో తుడవండి. వేళ్లు కూడా చూడండి: ఎండినప్పుడు వెండి రంగులో, తడిసినప్పుడు ఆకుపచ్చగా మారతాయి. ఆ పచ్చదనమూ ఆహారం తయారుచేస్తుంది. పారదర్శక కుండీ అమ్మేది అందుకే.

ఇంత తాపత్రయం ఎందుకు, మన అడవిలో దొరికే ఆర్కిడ్డే తెచ్చి పెంచవచ్చు కదా అనేవాళ్లూ ఉంటారు. తెలంగాణ ఆకురాల్చే అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే వాండా టెస్సెలాటా నిజంగా మనదే. విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకంలో దాన్ని వర్ణించాడు. కానీ దానికి కావలసిన వెలుతురు ఫలనాప్సిస్‌కన్నా చాలా ఎక్కువ. రెండు ట్యూబులు దానికి చాలవు. పైగా అనంతగిరి రిజర్వు అడవిలోంచి మొక్కలు పీక్కురావడం నేరం. దాన్ని చూడాలనిపిస్తే చెట్టు దగ్గరికే వెళ్లండి.

ఇక కొనేటప్పుడు డబ్బా మీద '1000 వాట్లు' అని పెద్ద అక్షరాల్లో ఉంటే, అది ఎన్ని వాట్లు లాగుతుందో చిన్న అక్షరాల్లో వెతకండి. చాలా గ్రో లైట్లు అందులో పదో వంతు లాగుతాయి, పెద్ద అంకె 'సమానం' అన్న పేరుతో వేసుకున్నది. నిజంగా లాగే వాట్లూ, ఇచ్చే ల్యూమెన్లు గానీ పీపీఎఫ్ (సెకనుకు ఇచ్చే కాంతికణాల లెక్క) గానీ, ఈ రెండూ రాసి లేని దీపాన్ని షాపులోనే వదిలేయండి.