వదినా... నీ సీరియల్ వదిలేశా!

పోయిన ఎండాకాలం సంగతి. కడప ఎండల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం వంటింటి పని ముగించి, కూలర్ ముందు చాప పరుచుకుని ఫోన్ తీశాను. కథలు చదువుకునే యాప్‌లో అరవై మూడు నోటిఫికేషన్లు! ఫలానా రచయిత్రి కొత్త భాగం పెట్టారు, ఫలానావారు మిమ్మల్ని ఫాలో అవుతున్నారు... మావారు తొంగిచూసి, "కలెక్టరాఫీసుక్కూడా ఇన్ని అర్జీలు రావు" అన్నారు.

నవ్వొచ్చింది గానీ, లెక్క చూసుకుంటే భయమేసింది. నేను ఫాలో అవుతున్నవాళ్ళు మూడు వందల నలభై మంది. అందులో నిజంగా చదివేది పదిమందిని కూడా కాదు.

ఈ అలవాటు 2020 లాక్‌డౌన్‌లో పట్టుకుంది. బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపి లాంటి వేదికల్లో తెలుగు కథలు బోలెడున్నాయని మా పెద్దమ్మాయి చెప్పింది. మొదట చదివాను. తర్వాత నేనూ రెండు మూడు రాశాను. మొహమాటం అక్కడే మొదలైంది. "అక్కా, మిమ్మల్ని ఫాలో అయ్యాను, మీరూ అవ్వండి" అని ఒకరు. "నా కథకు ఐదు స్టార్లు ఇవ్వండి, మీకూ ఇస్తా" అని ఇంకొకరు. పెళ్ళిళ్ళలో చదివింపుల్లాగా, పెట్టినవాళ్ళకు తిరిగి పెట్టాలి కదా! ఫాలోవర్లంటే తెలుగులో అనుచరులని తెలిసి మావారికి ఒకటే నవ్వు. "కడపలో ఇంతమంది అనుచరులుంటే పోలీసోళ్ళు వస్తారు, జాగ్రత్త" అంటారు.

ఆ మూడు వందల నలభైలో మా వదిన ఒకరు. మా మేనమామ కూతురు, ప్రొద్దుటూరులో ఉంటుంది. ఆమె సీరియల్ నూట ఎనభై భాగాలు దాటింది. హీరో కోటీశ్వరుడు, కోపిష్టి. హీరోయిన్‌ను నలుగురిలో చెంప పగలగొడతాడు. పది భాగాల తర్వాత అదే ప్రేమంటాడు. నలభయ్యో భాగం దగ్గరే నేను చదవడం మానేశాను. కానీ రోజూ సాయంత్రం వదిన ఫోన్ చేసేది. "ఏమ్మీ, ఈపొద్దుది సదివినావా? ఎట్లుంది?" అంటే "సూపర్ వదినా" అనేదాన్ని. ఐదు స్టార్లు నొక్కేదాన్ని.

ఒకరోజు ఇంటర్ చదివే మా చిన్నమ్మాయి నా ఫోన్లో అది చదివింది. "అమ్మా, కొట్టినోడికి ఐదు స్టార్లు ఇచ్చినావే! రేపు నన్నెవడన్నా కొడితే కూడా సూపర్ అంటావా?" అంది. నోట మాట రాలేదు. చదవకుండానే ఇచ్చానని చెబితే అదింకా సిగ్గుచేటు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా అమ్మ కాలంలో వారపత్రికలో సీరియల్ రావాలంటే ముందు ఎడిటరు చదవాలి. ఇప్పుడు ఎవరైనా రాయొచ్చు, నాలాంటి ఇల్లాలు కూడా. అది మంచిదే. తిరుగుటపాలో వచ్చిన కథల్ని బీరువా అడుగున దాచుకున్న ఆడవాళ్ళు ఎందరో! కాకపోతే మంచిచెడ్డలు ఏరే పని ఇప్పుడు మన మీద పడింది. మనం ఇచ్చిన స్టార్లు, ఫాలోవర్ల సంఖ్య చూసి ఇంకో నలుగురు అటు వెళ్తారు. మొహమాటంతో నొక్కిన స్టారు కూడా మనం పెట్టిన సంతకమే.

ఈ విషయంలో మా ఊరికి పెద్ద పేరే ఉంది. రారాగా అందరికీ తెలిసిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడప నుంచే "సంవేదన" పత్రిక తెచ్చారు. ఎంత పేరున్నవాళ్ళ రచనైనా సరే, నచ్చకపోతే కారణాలు చూపించి మరీ విమర్శించేవారు. అంత విమర్శ నాకెక్కడ వస్తుంది? కనీసం అబద్ధం చెప్పకుండా ఉండొచ్చు కదా.

మర్నాడు ఆ జాబితా ముందేసుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు కూర్చున్నాను. వదిన పేరు దగ్గర వేలు ఆగిపోయింది. చెప్పకుండా తీసేస్తే దొంగపని అవుతుంది. బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్ళాను. భోజనాలయ్యాక, "వదినా, నీ సీరియల్ వదిలేశా. ఆ చెంపదెబ్బ నాకు నచ్చలే. నలభయ్యో భాగం నుంచి చదవకుండానే బాగుందన్నా. తప్పు నాదే" అని చెప్పేశాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "సదివేటోళ్ళు వేలమంది ఉండారు. నా మనిషివి నువ్వొకదానివే అనుకొంటి. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పినావా?" అంది. సీరియల్ నచ్చలేదన్నందుకు కాదు, చదివానని నమ్మించినందుకు బాధపడింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఇంటికొచ్చి మిగతా పని పూర్తిచేశాను. ఇప్పుడు నా జాబితాలో ఇరవై ఆరుగురే. నేను పెట్టుకున్న పద్ధతులు ఇవి. మీకూ పనికొస్తాయేమో చూడండి.

* ఒక పాత కథ, ఒక కొత్త కథ చదివాకే ఫాలో అవుతాను. వాళ్ళకు పదిమందే ఫాలోవర్లున్నా సరే.
* మూడు నెలలుగా ఒక్కటీ చదవకపోతే ఆ పేరు తీసేస్తాను. కావాలనిపిస్తే వెతుక్కుని చదవొచ్చు, ఫాలో అయి తీరాలనేం లేదు.
* చుట్టరికం ఫోన్లో, పండక్కీ పబ్బానికీ. స్టార్లు మాత్రం కథకే.
* "కథ బాగుంది మేడమ్, మీ నంబరిస్తారా" అనేవాళ్ళను తీసేయడమే కాదు, బ్లాక్ చేస్తాను. అక్కడ మొహమాటమే వద్దు.

వదిన ఇరవై రోజులు ఫోన్ చేయలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపింది. ఎప్పుడో నోటుపుస్తకంలో రాసుకున్న కథ. కరువు ఏడాది బోరు ఎండిపోతే, మెడలో గొలుసు కుదువపెట్టి ఇంకో బోరు వేయించిన ఒక అత్తగారి కథ. కింద ఒకే మాట: "ఇది సదివి నిజం చెప్పు."

రెండుసార్లు చదివాను. చివర్లో సాగదీసినావని చెప్పాను. గొలుసు తీసిచ్చే చోట ఏడుపొచ్చిందనీ చెప్పాను. ఆ కథ ఇంకా ఎక్కడా పెట్టలేదు. సీరియల్ మాత్రం నడుస్తోంది, హీరోకి ఇంకా కోపం తగ్గలేదట! గొలుసు కథ పెట్టిన రోజే మళ్ళీ ఫాలో అవుతానన్నాను.

"సూద్దాంలే" అంది వదిన.