నెట్‌ను మింగేది వీధిలో తీగా, ఇంట్లో కొమ్మలా?

టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి మీ ఇంటి గోడ దాకా రాగి తీగ 2,500 మీటర్లు ఉందనుకుందాం. గోడ దగ్గరి రోసెట్ బాక్స్ నుంచి మోడెం దాకా ఇంకో 25 మీటర్లు. 0.4 మి.మీ. మందం తీగ డీఎస్ఎల్ (ఫోను తీగ మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్) సంకేతాన్ని కిలోమీటరుకు సుమారు 13.8 డెసిబెల్ల చొప్పున తినేస్తుంది. ఆ లెక్కన వీధిలో పోయేది 34.5 డెసిబెల్లు. అంటే ఎక్స్ఛేంజీలో బయల్దేరిన శక్తిలో మీ గోడకు చేరేది దాదాపు 2,800వ వంతే. ఇంట్లో పోయేది 0.35 డెసిబెల్లు. ఈ అంకెలు చూస్తే ఇంట్లో తీగలు మార్చడం దండగనిపిస్తుంది. పొడవు ఒక్కటే లెక్కైతే నిజంగా దండగే. కానీ ఇంట్లో సంకేతాన్ని చెడగొట్టేది తీగ పొడవు కాదు, దానికి పుట్టిన కొమ్మలు.

బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో ల్యాండ్‌లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టే నాటికే మన ఇళ్లలో ఫోను తీగలు గదిగదికీ పాకి ఉన్నాయి. హాల్లో ఒకటి, పడగ్గదిలో పారలల్ ఫోను, మేడ మీద ఇంకొకటి. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి ఆ ఫోన్లు పోయాయి గానీ, తీగలు గోడలకు అలాగే ఉండిపోయాయి. ఇవే ఆ కొమ్మలు. మాటలకు వాటితో ఇబ్బంది లేదు. మాట నడిచేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యలోనే. డీఎస్ఎల్‌లో ఏడీఎస్ఎల్2+ అనే రకం మాత్రం అదే తీగను 2.2 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది.

ఆ మేరను 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున 512 టోన్లుగా కోస్తారు. డౌన్‌లోడ్‌కు వచ్చేవి దాదాపు 480. ప్రతి టోనూ సెకనుకు 4,000 సార్లు సమాచారం మోస్తుంది, ఒక్కోసారి గరిష్ఠంగా 15 బిట్లు. తీగలోని గోల (నాయిస్) మీద సంకేతానికి ఉన్న పైచేయి 3 డెసిబెల్లు తగ్గితే, ఒక్కో టోను ఒక్కో బిట్ వదులుకుంటుంది. అన్ని టోన్లూ ఒక్కో బిట్ పోగొట్టుకుంటే 480ని 4,000తో హెచ్చవేయండి: సెకనుకు 19,20,000 బిట్లు, అంటే 1.9 ఎంబీపీఎస్ గాల్లో కలిసినట్టే. 24 ఎంబీపీఎస్ గరిష్ఠం అని పెట్టె మీద రాసుంటే ఇదేమంత అనిపించవచ్చు. 4 ఎంబీపీఎస్‌తో పోలిస్తే అది దాదాపు సగం.

ఇప్పుడు కొమ్మ సంగతి. బావిలోకి కేకేస్తే తిరిగొచ్చినట్టు, చివర ఏమీ లేని తీగలోకి వెళ్లిన సంకేతం కొసదాకా పోయి వెనక్కొస్తుంది. రాగి జంట తీగలో దాని వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కొమ్మ 25 మీటర్లుంటే పోను రాను 50. 2 మెగాహెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం తరంగం. తిరిగొచ్చిన తరంగం అసలు తరంగానికి ఎదురై దాన్ని చంపేస్తుంది. 464వ టోను చుట్టుపక్కల అంతా గుంట పడుతుంది. కొమ్మ 50 మీటర్లైతే గుంట 1 మెగాహెర్ట్జ్ దగ్గర, 232వ టోను వైపు. ఇందులో ఒక తిరకాసుంది. ఎక్స్ఛేంజీకి 4 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి 2 మెగాహెర్ట్జ్ టోన్లు ఎలాగూ అందవు. కాబట్టి ఆ 25 మీటర్ల కొమ్మ వల్ల వాళ్లకు పోయేదేమీ లేదు. దెబ్బ తగిలేది ఎక్స్ఛేంజీ పక్క వీధిలో ఉండి, దగ్గరే కదా అని ధీమాగా ఉన్నవాళ్లకే.

దూరంగా ఉన్నవాళ్ల బాధ వేరు. పురి లేని పాత తీగ ఏరియల్‌లా పనిచేస్తుంది. మీడియం వేవ్ రేడియో 531 నుంచి 1,602 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది, అంటే పూర్తిగా డీఎస్ఎల్ వాకిట్లోనే. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ 194వ టోను మీద, హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ 171వ టోను మీద వచ్చి పడతాయి. చీకటి పడ్డాక దూరపు కేంద్రాల మీడియం వేవ్ కూడా వినపడుతుంది కనుక గోల ఇంకా పెరుగుతుంది. పగలు బాగుండి రాత్రయితే లైను తెగిపోయే ఇళ్లలో ముందు అనుమానించాల్సింది ఈ తీగనే.

తీగలు మార్చేముందు ఓ పరీక్ష చేయండి. ఇంట్లో ఫోన్లన్నీ పీకేయండి. రోసెట్ దగ్గర లోపలి తీగలు విడదీసి, మోడెంను నేరుగా అక్కడే తగిలించండి. మోడెం పేజీ తెరిచి (చాలావాటికి 192.168.1.1) మూడు అంకెలు రాసుకోండి: లైన్ స్పీడ్, అటెన్యుయేషన్ (తీగ తినేసిన డెసిబెల్లు), ఎస్ఎన్ఆర్ మార్జిన్ (గోల మీద సంకేతానికి మిగిలిన పైచేయి). తర్వాత పాత చోటికి తీసుకెళ్లి మళ్లీ చూడండి. మార్జిన్ 3 డెసిబెల్లో అంతకంటే ఎక్కువో తేడా ఉంటే ఇంట్లో పని ఉన్నట్టు. తేడా లేకపోతే తప్పు బయటిది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయండి. మార్జిన్ 6 కంటే దిగువకు పోతే లైను తెగే ప్రమాదం పెరుగుతుంది. 15 ఉండీ వేగం పెరగకపోతే, మిమ్మల్ని ఆపుతున్నది ప్లాన్ పరిమితే, తీగ కాదు.

పని మాత్రం చిన్నదే. తీగ లోపలికొచ్చే చోటనే స్ప్లిటర్ (మాటనూ నెట్‌నూ విడదీసే పెట్టె) పెట్టాలి. దాని మోడెం రంధ్రం నుంచి మోడెంకు పురి తిప్పిన జంట తీగ ఒక్కటే, మధ్యలో అతుకు లేకుండా లాగాలి. నెట్‌వర్క్ కేబుల్లోని నాలుగు జంటల్లో ఒకటి చాలు. పాత తీగలన్నీ ఫోన్ రంధ్రానికి తగిలిస్తే, స్ప్లిటర్‌లోని ఫిల్టర్ వాటిని డీఎస్ఎల్ కంటికి కనపడనివ్వదు. గోడలు పగలగొట్టక్కర్లేదు, కొమ్మలు పీకక్కర్లేదు. మెలితిప్పి టేపు చుట్టిన అతుకులు వానకు చిలుం పట్టి ఉంటాయి, వాటిని మాత్రం కోసి మళ్లీ కలపాలి. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు తీగలో 48 వోల్టులుంటాయి, గంట మోగేటప్పుడు 75 వోల్టుల దాకా ఏసీ. బయటి లైను విడదీశాకే తీగ ముట్టుకోండి. ఉరుములప్పుడు అసలొద్దు.

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లకు ఇంకో సంగతి. అక్కడి పాత సాకెట్లలో 2, 5 నంబర్ల తీగలే లైను. 3వది పాతకాలపు గంట కోసం వేసింది, ఇప్పటి ఫోన్లకు దాంతో పనిలేదు. జంట లేని ఆ ఒంటి తీగ గోలను లోపలికి లాగుతుంది. దాన్ని విప్పేస్తేనే చాలా ఇళ్లలో లైను కుదుటపడింది. అక్కడ వాడే ఇంకో డీఎస్ఎల్ రకం, వీడీఎస్ఎల్2, 17.6 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది కాబట్టి 10 మీటర్ల కొమ్మ కూడా 5 మెగాహెర్ట్జ్ దగ్గర గుంట పెడుతుంది.

అటెన్యుయేషన్ 60 దాటిన ఇంట్లో ఎంత మంచి తీగ వేసినా పెద్ద ఫలితం ఉండదు. వీధిలోకి ఫైబర్ వచ్చి ఉంటే ఈ శ్రమంతా మాని అటు మారిపోవడమే మేలు. మారే వీలు లేనివాళ్లు ఫిర్యాదులో ‘నెట్ స్లో’ అని రాసి ఊరుకోకండి. రోసెట్ దగ్గర, లోపలి తీగలన్నీ విడదీసి చూసిన మార్జిన్, అటెన్యుయేషన్ అంకెలు రాయండి. ‘మీ ఇంట్లో తీగలే బాగాలేవు’ అని తిప్పి పంపడానికి అప్పుడు వీలుండదు.