ఏటీపీ: పేరు, పుట్టుక – అపోహలు, వాస్తవాలు

జీవశాస్త్రం చదివే విద్యార్థులందరికీ పరిచితమైన ‘ఏటీపీ’కి తెలుగువారి చరిత్రతో గట్టి సంబంధం ఉంది కనుక, దాని చుట్టూ అల్లుకున్న అపోహలను తొలగించుకోవడం అవసరం.

అపోహ: ఏటీపీ అన్న పేరుకు శక్తి అని అర్థం.

వాస్తవం: ఈ పేరు పదార్థ నిర్మాణాన్ని చెబుతుందే గాని, అది చేసే పనిని చెప్పదు. అడెనిన్ అనే క్షారమూ రైబోజ్ అనే చక్కెరా కలిసిన అడెనోసిన్‌కు మూడు ఫాస్ఫేట్లు వరుసగా చేరితే అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్ అవుతుంది. 1885లో ఆల్బ్రెక్ట్ కోసెల్ ఎద్దు క్లోమం నుంచి వేరుచేసిన పదార్థానికి, గ్రంథి అని అర్థమిచ్చే గ్రీకు పదాన్ని బట్టి అడెనిన్ అనే పేరు రాగా, తుమ్మ జాతి చెట్ల బంకలో ఉండే అరాబినోజ్ పేరులోని అక్షరాలను తారుమారు చేయడంతో రైబోజ్ అనే పేరు పుట్టింది.

అపోహ: ఏటీపీని యల్లాప్రగడ సుబ్బారావు ఒక్కరే కనుగొన్నారు.

వాస్తవం: 1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, మాలిబ్డేట్ కలిపినప్పుడు ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. కండరపు సారంలో ఆ రంగు ఆలస్యంగా తేలడానికి కారణం వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించిన ఆ ఇద్దరూ 1929లో ఏటీపీని ప్రకటించగా, అదే ఏడాది వారికన్నా కొద్దిగా ముందు జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా దానిని ప్రకటించారు.

అపోహ: ఫాస్ఫేట్ బంధం తెగడమే శక్తిని విడుదల చేస్తుంది.

వాస్తవం: ఏ రసాయన బంధాన్ని తెంచాలన్నా శక్తి కావాలి. ఏటీపీ నీటితో చర్య జరిపినప్పుడు ఫాస్ఫేట్ల ఋణావేశాల మధ్య వికర్షణ తగ్గి, కొత్త బంధాలతో మరింత స్థిరమైన పదార్థాలు ఏర్పడటం వల్లనే, ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు సుమారు 30.5 కిలోజౌళ్ల శక్తి లభిస్తుంది. ఫ్రిట్జ్ లిప్‌మన్ 1941లో ప్రచారంలోకి తెచ్చిన ‘అధికశక్తి బంధం’ అనే మాటను అక్షరార్థంలో తీసుకోవడమే ఈ పొరపాటుకు మూలం.

అపోహ: శరీరం తన శక్తిని ఏటీపీగా నిల్వ చేసుకుంటుంది.

వాస్తవం: దీర్ఘకాలిక నిల్వ కొవ్వు, గ్లైకోజన్‌లది. దేహంలో ఒక సమయంలో ఉండే ఏటీపీ అతి స్వల్పం కాగా, అదే మళ్లీ మళ్లీ తయారవుతూ రోజంతటికీ శరీర బరువుకు దాదాపు సమానమైన మొత్తంగా మారుతుంది.

సుబ్బారావు ఘనతకు అతిశయోక్తుల ఆసరా అక్కరలేదు. ఆయన చేసిన పనిని ఉన్నదున్నట్లుగా, సహచరుల పేర్లతో సహా, తరగతి గదుల్లో చెప్పడమే ఆయనకు తగిన గౌరవం.