దధీచి నడిచిన దారిలో...

పురాణం చెప్పేవారెవరైనా మొట్టమొదట ఉచ్చరించే స్థలనామం నైమిశారణ్యం. శౌనకాది మహామునులు అక్కడ సత్రయాగం చేస్తుండగా సూతుడు వచ్చి కథ చెప్పాడన్న మాటతోనే భారత భాగవతాలు రెండూ ఆరంభమవుతాయి. ఆలయ మండపంలో కూర్చుని ఆ పేరును కొన్ని వేలసార్లు పలికిన నేను, ఆ నేలపై కాలు మోపింది అరవై దాటిన తర్వాతనే. అదీ ఉదయం దర్శించుకుని సాయంత్రానికి లక్నో చేరే యాత్రగా కాదు. ఫాల్గుణంలో అక్కడ జరిగే ఎనభైనాలుగు క్రోశాల ప్రదక్షిణ యాత్రలో.

నైమిశం ఉత్తరప్రదేశ్‌లోని సీతాపూర్ జిల్లాలో, గోమతీ నది ఎడమ గట్టున ఉంది. లక్నోకు సుమారు 90 కిలోమీటర్లు. నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటి కావడం వల్ల దాక్షిణాత్యులకు కొత్త చోటు కాదు. ఇక్కడ స్వామి అరణ్యస్వరూపుడు. చక్రతీర్థంలో స్నానం, లలితాదేవి దర్శనం, వ్యాసపీఠం, సూతపీఠం... మనవారి యాత్ర సాధారణంగా ఇంతటితో ముగుస్తుంది. గోమతికి ఇరువైపులా పల్లెల మీదుగా సాగే ఈ వలయాకార యాత్ర సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

తిథి విషయం ముందుగా చెప్పాలి. మనకు మాఘ బహుళ అమావాస్య అయినది అక్కడివారికి ఫాల్గుణ అమావాస్య. ఉత్తరాదిన నెల పూర్ణిమతో ముగుస్తుంది గనుక. శుక్లపక్షంలో ఉభయులకూ మాసనామం ఒక్కటే. అమావాస్య స్నానం ముగించుకుని, మర్నాడు పాడ్యమి తెల్లవారుజామున డంకా మోగగానే జనం కదులుతారు. ఈ సమూహానికి 'రామదళ్' అని పేరు. శ్రీరామచంద్రుడు కూడా ఈ ప్రదక్షిణం చేశాడని అక్కడి వారి విశ్వాసం. క్రోశానికి మూడు కిలోమీటర్ల చొప్పున మొత్తం 252 కిలోమీటర్లని వారి లెక్క. మజిలీలు పదకొండు. కోరౌనా మొదటిది. అక్కడి నుండి హర్దోయ్ జిల్లాలో ప్రవేశించి హర్రయ్యా, నగ్వా కోథావాఁ, గిర్ధర్‌పూర్ ఉమ్రారీ, సాఖిన్ గోపాల్‌పూర్ మీదుగా నడిచి, తిరిగి సీతాపూర్ జిల్లాలో దేవ్‌గవాఁ, మడరువా, జరిగవాఁ చేరి, నైమిశానికి వస్తారు. వలయం అక్కడ మూసుకున్నా నడక ఆగదు. కోల్హువా బరేఠీ దాటి మిశ్రిఖ్ చేరాలి. అక్కడ ఏకాదశి మొదలు పూర్ణిమ వరకు పంచక్రోశ ప్రదక్షిణం.

ఈ యాత్రకు మూలపురుషుడు దధీచి. వృత్రాసురుని వధించేందుకు ఆ మహర్షి ఎముకలు తప్ప వేరే ఆయుధం లేదని తెలిసి ఇంద్రుడు యాచించగా, సకల తీర్థాలనూ సేవించిన తర్వాత దేహం విడుస్తానన్నాడట. అంత కాలం ఆగలేక దేవతలు తీర్థాలన్నింటినీ ఈ అరణ్యం చుట్టూ రప్పించారు. ఆయన ప్రదక్షిణంగా వాటిని సేవించి, అన్ని తీర్థజలాలూ కలిసిన కుండంలో స్నానం చేశాడు. జలాలు మిశ్రితమైన చోటు గనుక అది మిశ్రిఖ్. ఇది స్థలపురాణం. భాగవతం షష్ఠస్కంధంలో దధీచి యోగంతో దేహత్యాగం చేయడం, విశ్వకర్మ వజ్రాయుధాన్ని నిర్మించడం కనిపిస్తాయి. తెలుగు భాగవతంలో ఆ స్కంధం రచించినది పోతన కాదు, సింగన అన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుచేస్తున్నాను.

వేదంలో ఈయన పేరు దధ్యఙ్. ఆయన అస్థులతో ఇంద్రుడు వృత్రులను సంహరించాడని ఋగ్వేదం ప్రథమ మండలంలోనే ఉంది. అంతకు మునుపటి కథ మరొకటి. మధువిద్యను ఎవరికైనా ఉపదేశిస్తే తల నరుకుతానని ఇంద్రుడు ఆయనను బెదిరించాడు. అశ్వినీదేవతలు ఋషికి గుర్రపు తల అమర్చి ఆ ముఖం నుండి విద్య గ్రహించారు. ఇంద్రుడు అన్నంత పనీ చేశాడు. నరికిన తల గుర్రానిది గనుక అశ్వినులు అసలు శిరస్సును తిరిగి అతికించారు. ఎముకలు అడగవచ్చినది ఆ ఇంద్రుడే. పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు కథలనూ వేర్వేరు రోజుల్లో చెప్పేవాణ్ణి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఆలోచించింది ఆ దారిలోనే.

ఋతుగణన ప్రకారం ఫాల్గుణం శిశిరమే. మధు మాధవాలు, అనగా చైత్ర వైశాఖాలు వసంతమని శ్రుతి. కానీ ఆ చేలను చూసినవారెవరూ దాన్ని శిశిరమనరు. గోధుమ కంకులు పాలుపోసుకుని, కొన్నిచోట్ల పండువారుతున్నాయి. కోయగా మిగిలిన ఆవచేలు ఇంకా పచ్చగా మెరుస్తున్నాయి. మామిడితోపులు పూతతో బరువెక్కాయి, ఆకులు రాల్చిన బూరుగు చెట్లు ఎర్రని పూలతో నిండాయి. తెల్లవారుజామున మంచు, పదింటికల్లా ఎండ. ముందు సాధువులు, వారి వెనుక గృహస్థులు, ట్రాక్టర్లపై పరుపులూ వంటపాత్రలూ. ప్రతి ఊరి పొలిమేరలోనూ గ్రామస్థులు నీళ్లు, శనగలు పట్టుకుని నిలబడతారు.

నాలుగవ రోజున ఒక పల్లె దాటుతుండగా చెరకు గానుగ కనబడింది. పెద్ద పెనంలో బెల్లం ఉడుకుతోంది. పొయ్యి దగ్గరి వృద్ధురాలు ఒక ఆకులో వేడి బెల్లం పెట్టి, "బాబా, తీసుకోండి" అని తన భాషలో అంటూ నాకు అందించింది. నాకు స్వయంపాక నియమం. పరుల చేతి వంట దశాబ్దాలుగా ఎరుగను. చేతులు జోడించి వద్దన్నాను. ఆమె ఏమీ అనలేదు. చాచిన చెయ్యి కొద్దిసేపు అలాగే ఉంచి, వెనుక వస్తున్న వారికి ఇచ్చింది. సరిగా నడుచుకున్నాననే అనుకుని ముందుకు సాగాను.

రెండు రోజుల తర్వాత కుడిపాదం బొబ్బ పగిలి అడుగు వేయలేకపోయాను. సంచి ట్రాక్టరులో ముందుకు వెళ్లిపోయింది. నా అటుకులు, పాత్రలు అందులోనే ఉన్నాయి. ఒక రైతు నన్ను తన ఇంటి అరుగుపై కూర్చోబెట్టి, వేపాకు వేసి కాచిన నీటితో తానే నా పాదం కడిగి, గుడ్డ కట్టాడు. నా గోత్రం, ఊరు, ఏదీ అడగలేదు. ఆయన కోడలు పాలు, రెండు రొట్టెలు, బెల్లం తెచ్చి పెట్టింది. తిన్నాను. బెల్లం నోట వేసుకున్నప్పుడు మాత్రం గానుగ దగ్గర గాలిలో ఆగిన ఆ చెయ్యి కళ్ల ముందుకు వచ్చింది. ప్రాయశ్చిత్తాలు ఎన్నో ఇతరులకు చెప్పినవాణ్ణి. దీనికి ఏది చెప్పాలో తోచలేదు.

వెళ్లదలచినవారికి ఒకటి రెండు మాటలు. మజిలీలలో డేరాలే ఆశ్రయం. రాత్రి చలికి కంబళి తప్పనిసరి. అలవాటైన చెప్పులే వాడండి. మొత్తం నడవలేనివారు మిశ్రిఖ్‌లోని పంచక్రోశం ఒక్కటైనా చేయవచ్చు.

పూర్ణిమ నాడు దధీచికుండంలో స్నానం చేశాను. మర్నాడు హోలీ రంగుల సందడి తగ్గాక జీపు మాట్లాడుకుని, లక్నో వెళ్లేలోగా ఒక పల్లెకు వెళ్లాలని, అక్కడ చెరకు గానుగ ఉంటుందని డ్రైవరుకు చెప్పాను. ఈ ప్రాంతమంతా గానుగలేనండీ, ఆ ఊరి పేరు చెప్పండి అన్నాడు.

ఆనాడు నేను అడగలేదు.